పొద్దుటిపూట ముడవని వేళ్లు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సభలో మేము పదో తరగతి ఫలితాలు, స్కాలర్‌షిప్పుల లెక్క చదివి కూర్చుంటాం. ఈసారి ఆ పని కార్యదర్శిగారికి అప్పజెప్పి, చేతుల గురించి మాట్లాడతామని అనుమతి అడిగాం. "బెత్తం మానేసి ఇన్నేళ్లయ్యాక టీచర్లకు చేతుల గొడవ ఎందుకు?" అని ఒక పెద్దాయన నవ్వారు. ఎందుకో చెబుతాం.

మా బడిలో ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందుల్లోంచి నడిచి వచ్చేది. తెలివైన పిల్ల, చేతిరాత ముత్యాల్లా ఉండేది. కానీ రోజూ మొదటి పీరియడ్ అయిపోయాకే గేటు దగ్గర కనిపించేది. అడిగితే నేల చూపులు. రెండు నెలలు మందలించాం, వారం రోజులు వరండాలో నిలబెట్టాం. ఇంట్లో ఏదో ఉంటేనే పిల్ల బడికి ఆలస్యంగా వస్తుందని బీఈడీలో చదివి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మేము. అయినా వాళ్లింటికి వెళ్లడానికి మాకు రెండు నెలలు పట్టింది.

వెళ్లింది ఒక శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు. ఆ తల్లి మంచం మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరివో చేతులు దాచిపెట్టుకున్నట్టు చూస్తోంది. పిల్లే రొట్టెల పిండి కలుపుతోంది, చెల్లెలికి జడ వేస్తోంది, పాల ప్యాకెట్టు మూల కత్తిరిస్తోంది, తల్లికి దుపట్టా పిన్ను పెడుతోంది. "పది గంటల దాకా నా వేళ్లు నా మాట వినవు టీచరమ్మా, పది తర్వాత కాస్త మనిషినవుతాను" అందామె. వయసు ముప్ఫై ఆరు. ఇది పెద్ద వయసులో వచ్చే వాయి నొప్పి అనుకుని నాలుగేళ్లుగా మందుల షాపులో గోళీలు కొనుక్కుని మింగుతోంది.

ఆ జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన ఇళ్లలో గఠియా అంటాం, తెలుగులో కీళ్లవాతం అంటారు. అయితే ఆ రెండు పేర్ల కిందా నానా రకాల నొప్పులూ వచ్చి చేరతాయి. చిక్కంతా అక్కడే.

మోకాలు అరిగిపోవడం వేరు, ఇది వేరు. మన ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరపాటు పడి, కీలు లోపలి మెత్తటి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మందమై, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకనూ, కీలును పట్టి ఉంచే నరాల్లాంటి కట్లనూ తినేస్తుంది. మొదట పట్టేది చిన్న కీళ్లనే. పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపులు, వేళ్ల నడిమి కణుపులు, మణికట్టు. అదీ ఒక చేతికి వస్తే సాధారణంగా రెండో చేతికీ వస్తుంది. గోరు దగ్గరి చివరి కణుపు జోలికి మామూలుగా పోదు. అక్కడ గట్టి బుడిపెలు లేస్తే అది ఎక్కువగా అరుగుదల వల్లే. పొద్దున లేవగానే అరగంట, గంట, ఇంకా ఎక్కువసేపు వేళ్లు కొయ్యబారి ఉండటం దీని పెద్ద గుర్తు. ఆడవాళ్లకు మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. అదీ ముసలితనంలోనే రానక్కర లేదు, పిల్లల్ని పెంచే వయసులోనూ వస్తుంది.

పేదవాళ్ల జబ్బేమీ కాదిది. 1967లో ప్రపంచంలోనే మొదటిసారి ఒక మనిషి గుండెను మరో మనిషికి అమర్చిన దక్షిణాఫ్రికా సర్జన్ క్రిస్టియాన్ బర్నార్డ్ చేతులకు వచ్చింది ఈ జబ్బే. ఆయన 1983లో ఆపరేషన్లు చేయడం మానుకోవలసి వచ్చింది. అంతటి చేతులనే ఆపేసింది. ఇక మగ్గం వర్క్ జాకెట్టుకు ఇంత అని కూలి తీసుకుని సూదితో బతికే మనిషి సంగతి ఆలోచించండి. ఎల్.బి. నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉన్న బట్టల కొట్లకు, బొటిక్కులకు ఆ పని చేసిపెట్టేవాళ్లు ఎంతమందో మీకు మా కంటే బాగా తెలుసు. ఆ కొట్లలో కొన్ని మీవే.

ఇక్కడ మన సంఘం చేసిన పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. ఆ కమిటీలో మేమూ ఉన్నాం కాబట్టి చెప్పే హక్కు మాకుంది. కొన్నేళ్ల కిందట ఒక వితంతు సోదరికి కుట్టుమిషను ఇచ్చాం. మరుసటి ఏడు చూసివద్దామని వెళ్తే మిషను మీద పాత దుపట్టా కప్పి ఉంది, దాని మీద బియ్యం డబ్బా. రిజిస్టరులో "వాడుట లేదు" అని రాసి వచ్చాం. కష్టపడే మనస్తత్వం లేదని కమిటీలో ఒకరన్నారు, మేమెవరమూ కాదనలేదు. ఆమె చేతుల వంక ఎవరమూ చూడలేదు. తర్వాత మేము మొదలుపెట్టిన వ్యాయామం క్లాసుకు ఆమే వచ్చింది. వేళ్లు నాలుగూ గాలికి ఒరిగిన జొన్నకంకుల్లా చిటికెన వేలి వైపు వాలిపోయి ఉన్నాయి. కత్తెర పట్టడానికి బొటనవేలు రాదు. రిజిస్టరులో ఆ మాట ఇప్పటికీ అలాగే ఉంది. కొట్టేయకుండా, పక్కనే అసలు సంగతి రాయించాం.

ఇప్పుడు వ్యాయామం సంగతి. ఇలాంటి చేతులకు వ్యాయామమా, అరిగిన కీలును ఇంకా అరగదీస్తారా అని మీకు అనిపించవచ్చు. వైద్యులకూ చాలాకాలం ఆ భయం ఉండేది. కీలుకు విశ్రాంతి ఇవ్వండి, బరువు పెట్టకండి అనేవారు. ఇంగ్లండులో పరిశోధకులు ఈ ప్రశ్నను నేరుగా పరీక్షించారు. ఆ పరీక్ష పేరు సారా. పదిహేడు ఆసుపత్రుల కేంద్రాల్లో 490 మంది రోగులను తీసుకుని, సగం మందికి మామూలు సలహాలు, మిగతా సగం మందికి వాటితో పాటు చేతుల వ్యాయామాలు నేర్పారు. ఇంట్లో రోజూ చేయమన్నారు. ఏడాది తర్వాత చూస్తే, వ్యాయామం చేసినవాళ్ల చేతుల పనితనం మిగతావాళ్ల కంటే దాదాపు రెండింతలు మెరుగుపడింది. కీళ్లు చెడిపోలేదు, నొప్పి పెరగలేదు. ఆ ఫలితాలు 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

అతిగా చెప్పకూడదు కాబట్టి రెండో సంగతీ చెబుతాం. నొప్పి తగ్గడంలో మాత్రం రెండు జట్లకూ పెద్ద తేడా కనబడలేదు. వ్యాయామం ఇచ్చేది పనితనం. తాళం తిప్పగలగడం, చొక్కా బొత్తాం పెట్టగలగడం, గ్లాసు జారిపోకుండా పట్టుకోగలగడం. ఇంకొకటి, వాళ్లందరూ అప్పటికే డాక్టరు దగ్గర మందులు కుదురుగా వాడుతున్నవాళ్లు. మందు మానేసి పిడికిలి బిగిస్తూ కూర్చుంటే జబ్బు తన పని తాను చేసుకుపోతుంది.

మా క్లాసులో ఏం చేస్తామో ఇప్పుడు మీతోనే చేయిస్తాం. చేతిలో సెల్‌ఫోను కాస్త పక్కన పెట్టండి.

ముందు చేతులను పదినిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. మరిగే నీళ్లు అక్కర లేదు. పొద్దున వుజూకు వేణ్నీళ్లు వాడేవాళ్లకు ఈ పని సగం అక్కడే అయిపోతుంది. తర్వాత అరచేయి నిటారుగా పెట్టి, వేళ్లు చక్కగా ఉంచి, పిడికిలి కణుపుల దగ్గర మాత్రమే వంచాలి, బల్ల అంచులా. మళ్లీ తిన్నగా. ఆ తర్వాత వేళ్ల కొసలు మాత్రమే ముడిచి కొక్కెంలా చేయాలి, అక్కడి నుంచి పూర్తి పిడికిలి, మళ్లీ తెరవాలి. చేతిలోని స్నాయువులు వాటి గొట్టాల్లో జారడానికి ఇది పనికొస్తుంది. మూడోది మాకు ఇష్టమైనది. అరచేయి బల్ల మీద బోర్లా పెట్టి, వేళ్లను ఒక్కొక్కటిగా బొటనవేలి వైపు నడిపించాలి. ముందు చూపుడు వేలు, తర్వాత నడిమి వేలు, అలా చిటికెన వేలు దాకా. జబ్బు వేళ్లను చిటికెన వేలి వైపు లాగుతుంది కదా, మనం ఎదురు దిక్కుకు నడిపిస్తున్నాం. మా బడి పిల్లలు దీన్ని చీమల బారు అంటారు. ఆ తర్వాత వేళ్లను విసనకర్రలా విప్పి దగ్గరకు తేవడం, మణికట్టును మెల్లగా గుండ్రంగా తిప్పడం. చివరగా రెండు చేతులూ తల వెనక్కి, తర్వాత నడుము వెనక్కి. ఇవి భుజానికి కూడా. తన జడ తాను వేసుకోవడం, తన హుక్కు తాను పెట్టుకోవడం అన్నీ ఈ కదలికల్లోనే ఉన్నాయి.

ఇవి కదలికలు. బలానికి నాలుగు. మడిచిన సాక్సును గుప్పిట్లో నొక్కి వదలడం ఒకటి. బొటనవేలికీ మిగతా ఒక్కో వేలికీ మధ్య స్పాంజి ముక్క పెట్టి నొక్కడం ఒకటి. పక్కపక్క వేళ్ల మధ్య ఆ ముక్కనే బిగించి పట్టడం ఇంకొకటి. ముంజేయి బల్ల మీద ఆనించి, చేయి అంచు దాటించి, చిన్న బరువు పట్టుకుని మణికట్టును మెల్లగా కిందికి దించడం నాలుగోది. ఆసుపత్రిలో దీనికి రంగురంగుల పుట్టీ, రబ్బరు పట్టీలు ఇస్తారు. మేము సాక్సు, స్పాంజి, నీళ్లు పోసిన చిన్న సీసాతో నడిపిస్తున్నాం. ఒక ఖాలా సాక్సు బదులు రొట్టె పిండి ముద్ద తెచ్చుకుంది, క్లాసయ్యాక దాంతోనే ఇంట్లో రొట్టెలు చేసింది. మేం అభ్యంతరం పెట్టలేదు.

మొదట ఒక్కొక్కటి ఐదుసార్లు. అలవాటయ్యాక మెల్లగా పది. బిగబట్టి, పళ్లు కొరికి చేయాల్సిన పని లేదు. చేసిన రెండు గంటల తర్వాత కూడా మామూలు కంటే ఎక్కువ నొప్పి నిలిచి ఉంటే మోతాదు ఎక్కువైందని లెక్క, మర్నాడు తగ్గించాలి. కీలు ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి ఉన్న రోజుల్లో నొక్కే వ్యాయామాలు పూర్తిగా ఆపి, మెల్లటి కదలికలు మాత్రం చేయాలి. చేతికి ఆపరేషన్ అయినవాళ్లు, స్నాయువు తెగినవాళ్లు డాక్టరు చెప్పేదాకా ముట్టుకోకూడదు. ఈ హద్దులన్నీ మాకు మేము పెట్టుకున్నవి కావు. మా దగ్గరికి వచ్చే ఫిజియోథెరపిస్టు అమ్మాయి మొదటి రోజే బోర్డు మీద రాయించింది. ఎవరి చేతికి ఏది పనికిరాదో చూసి చెప్పేది ఆమే. మేము లెక్కపెట్టేవాళ్లం మాత్రమే. డ్రిల్లు పీరియడ్లలో ఒకటీ రెండూ అని ఎన్ని వేలసార్లు అరిచి ఉంటామో, ఆ అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది.

క్లాసు మొదలుపెట్టినప్పుడు మా బుర్ర బడి బుర్రే. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పెట్టాం. మొదటి వారం ఒక్కరు కూడా రాలేదు. ఖాళీ కుర్చీల ముందు అరగంట కూర్చున్నాక తట్టింది, వేళ్లు కొయ్యబారి ఉండే వేళకే వాళ్లను రమ్మంటున్నామని! పదకొండింటికి మార్చాం. ముగ్గురు వచ్చారు. గది మొదటి అంతస్తులో ఉండేది; ఈ జబ్బు పాదాల కీళ్లకూ వస్తుందని ఒక ఆపా మెట్ల మీద కూర్చుండిపోయాక తెలిసింది. కింది గదికి దించాం. ఇప్పుడు సరూర్‌నగర్, కొత్తపేట, మూసారాంబాగ్‌ల నుంచి కూడా వస్తున్నారు. మన వాళ్లే కాదు, పక్క వీధి పోశమ్మ గుడి దగ్గర పూలు కట్టే అమ్మ కూడా వస్తుంది. పూలు కట్టడం కంటే మంచి వేలి వ్యాయామం ఏదని ఆమె వాదన. అదే వేలి మీద అదే దారం రోజంతా లాగితే వ్యాయామం కాదమ్మా అని ఫిజియోథెరపిస్టు సర్దిచెబుతుంది. ఆ వాదన ఇంకా తెమలలేదు.

మగవాళ్లు తక్కువే వస్తారు. ఒక ఆటో తోలే భాయి వస్తాడు. ఎడమ చేత్తో క్లచ్చు నొక్కలేక బండి అద్దెకు ఇచ్చేశాడు. రెండు నెలల తర్వాత సాయంత్రం పూట తానే తోలుతున్నాడు, పొద్దున తమ్ముడికి ఇస్తున్నాడు. అంతకంటే గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. వేళ్లు వాలిపోయిన ఆ కుట్టుమిషను సోదరికి వేళ్లు తిన్నబడలేదు, తిన్నబడవు కూడా. లావుగా గుడ్డ చుట్టిన గరిటెను జారకుండా పట్టుకోగలుగుతోంది. మిషను మాత్రం ఆమే తిరిగి ఇచ్చేసి, వేరే ఎవరికైనా ఇమ్మంది.

చేతులను కాచుకునే చిట్కాలు కూడా క్లాసులోనే పంచుకుంటారు, మా కంటే వాళ్లే బాగా చెబుతారు. కూరగాయల సంచిని వేళ్లకు తగిలించకుండా ముంజేతికి వేసుకోవడం. గిన్నెను రెండు అరచేతులతో ఎత్తడం. తడిబట్ట మెలితిప్పి పిండకుండా కుళాయి గొట్టానికి చుట్టి లాగడం. గుండ్రటి కుళాయి తీసేసి, అరచేత్తో తోస్తే తిరిగే పిడి ఉన్నది పెట్టించుకోవడం. నమాజులో సజ్దాకు మణికట్టు మీద ఒరగలేకపోతే ఏం చేయాలో ఇమాంసాబ్‌ను అడగమంటాం. బాధపడేవాళ్లకు ధర్మంలో సడలింపు ఉంది, సిగ్గుపడి నొప్పి దాచుకునే పని లేదు.

మందుల విషయంలో మేము వైద్యులం కాము, కాబట్టి మేము చేసేది ఒక్కటే, గోళీ చీటీ చదివి పెట్టడం. ఈ జబ్బుకు డాక్టర్లు తరచుగా రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. చదువురాని మనిషికి గోళీ అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అందుకే క్యాలెండరులో ఆమె డాక్టరు చెప్పిన వారం మీద ఎర్ర సున్నా చుట్టి, పిల్లలకు చూపిస్తాం. చాలామందికి జుమా రోజు గుర్తుంటుంది, డాక్టరు సరేనంటే ఆ రోజే పెట్టుకుంటారు. దానితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ వేరే గోళీ, రెండూ పసుపు రంగులోనే ఉంటే తారుమారు అవుతాయి. గర్భం ధరించాలనుకునేవాళ్లు ఈ మందు సంగతి ముందే డాక్టరుతో చెప్పి తీరాలి. రక్త పరీక్షలు మానకూడదు. ఇక పేరూ ఊరూ లేని పొట్లాల పొడులు. వేసుకున్న రెండో రోజే నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చని అనుమానించాలి. ఆ పొట్లాలతో ముఖం ఉబ్బి, షుగరు పెరిగి వచ్చినవాళ్లను మేము చూశాం.

ఈ జబ్బుకు ప్రత్యేకమైన డాక్టరును రుమటాలజిస్టు అంటారు. పంజాగుట్టలోని నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ మెట్రో మొదలైనప్పటి నుంచి మన వాళ్లకు దారి తేలికైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే మధ్యలో మారకుండా పంజాగుట్టలో దిగవచ్చు, స్టేషన్లో లిఫ్టు ఉంటుంది. బస్సు కమ్మీ పట్టుకుని వేలాడలేని చేతులకు అది ఎంత మేలో చెప్పలేం. దారి తెలియని వాళ్లతో మా వాలంటీర్లు మొదటిసారి తోడు వెళ్తారు. త్వరగా వెళ్లడం ముఖ్యం. జబ్బు మొదలైన తొలి నెలల్లో మందు పడితే కీలు నిలుస్తుంది. ఒకసారి తినేసిన ఎముకను మందు తిరిగి తేలేదు.

ఇక మీ దగ్గరికి వస్తున్నాం. మీరు ఇచ్చిన కుట్టుమిషన్లు చాలా ఇళ్లను నిలబెట్టాయి, వాటిని ఆపమనడం లేదు. మిషను ఇచ్చే ముందు దరఖాస్తులో ఒక గడి పెట్టండి చాలు: పొద్దున వేళ్లు ముడవడానికి ఎంతసేపు పడుతుంది? గంట అని రాస్తే మిషనుకు ముందు మెట్రో చార్జీ, రక్త పరీక్ష ఫీజు ఇద్దాం. ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఇప్పటిదాకా ఉచితంగా వస్తోంది. ఆమెకూ ఇల్లుంది, నెలకు ఇంత అని గౌరవ వేతనం పెడితే నాలుగు ఆదివారాలూ రాగలుగుతుంది. మిషన్లతో పోలిస్తే ఇది చిన్న మొత్తం, కానీ ప్రతి నెలా కావాలి. ఒకసారి ఇచ్చి ఫొటో దిగే పని కాదు గనక దాతలు దొరకడం కష్టమని కార్యదర్శిగారు ముందే మమ్మల్ని హెచ్చరించారు.

ఇంకొకటి డబ్బుతో పని లేనిది. మీ ఇంట్లో గిన్నెలు తోమే మనిషి చలికాలం పొద్దున ఏడింటికి చన్నీళ్లలో చేతులు పెడుతోంది. గ్లాసు జారి పగిలితే కోప్పడే ముందు ఆమె కణుపులు చూడండి. పదింటికి రమ్మనండి, వేణ్నీళ్లు ఇవ్వండి. మీ కొట్టుకు జాకెట్లు కుట్టే మనిషి గడువు దాటిస్తే కూలి కోసే ముందు ఒక్కసారి మాకు కబురు చేయండి.

ఆ ఏడో తరగతి అమ్మాయి సంగతి అడుగుతారు. తల్లికి నిమ్స్‌లో మందు మొదలైంది, క్లాసుకు వస్తోంది. ఇప్పుడు ఆమె చేతులు ఎనిమిదిన్నరకల్లా మాట వింటున్నాయి, చలి రోజుల్లో తొమ్మిదవుతుంది. పిల్ల ఇప్పటికీ నెలలో రెండు మూడుసార్లు ఆలస్యంగా వస్తుంది. గేటు దగ్గర ఎవరూ ఆపవద్దని వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాం.

క్లాసు ఆదివారం పదకొండింటికే, బడి కింది గదిలో. ఫీజు లేదు, మెట్లు లేవు. మీకు తెలిసిన చేతులు ఉంటే పంపండి. ఒక పాత సాక్సు తెచ్చుకోమని చెప్పండి, జత అక్కర లేదు.